మందు దొరకని రోజులు: మహమ్మారి కాలపు వ్యసన మరణాలు – దక్షిణ రాయలసీమ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: కోవిడ్ మహమ్మారి కాలంలో వ్యసన చికిత్సకు వాడే మెథడోన్ వంటి మందులను రోగుల ఇళ్లకే ఇవ్వడం వల్ల మరణాలు పెరుగుతాయా అన్న చర్చ పాశ్చాత్య దేశాల్లో విస్తృతంగా సాగింది. అదే కాలంలో తెలుగునేలపై వ్యసనపరులు మరణించిన తీరు వేరు. చికిత్సా, మద్యమూ రెండూ అందని స్థితిలో శానిటైజర్ తాగి మరణించినవారు ఇక్కడ కనిపిస్తారు. ఈ మరణాలను 2020 నాటి ఆకస్మిక సంఘటనలుగా కాక, 1938లో చిత్తూరు జిల్లాలో మొదలైన మద్యనిషేధ చరిత్రకు కొనసాగింపుగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: మద్యనిషేధం, నల్లమందు, వ్యసనం, చిత్తూరు జిల్లా, ఏర్పేడు, కురిచేడు, మెథడోన్, శానిటైజర్.

ఉపోద్ఘాతం

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. మద్యం దుకాణాలు మూతపడ్డాయి. మే 4న తిరిగి తెరిచేవరకు దాదాపు నలభై రోజులపాటు దేశమంతటా చట్టబద్ధమైన మద్యం విక్రయం నిలిచిపోయింది. స్వతంత్ర భారతదేశంలో ఇంత విస్తృతమైన మద్యనిషేధం అంతకుముందు ఎన్నడూ లేదు. దీనిని ఎవరూ మద్యనిషేధంగా ప్రకటించలేదు, దానికోసం ఏ ఉద్యమమూ జరగలేదు, ఏ చట్టసభా చర్చించలేదు. అంటురోగ నియంత్రణ కోసం తీసుకున్న నిర్ణయానికి ఇది ఒక ఉపఫలం మాత్రమే. అందువల్లనే కాబోలు, మద్యనిషేధ చరిత్ర రాసేవారు ఆ నలభై రోజులను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఏర్పేడు ఈ పరిశీలనకు తగిన కేంద్రం. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలోనూ, ఆ తరువాత కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోనూ ఉంది. ఒకవైపు తమిళనాడు సరిహద్దు, మరొకవైపు సారా వ్యతిరేకోద్యమానికి పుట్టినిల్లయిన నెల్లూరు జిల్లా దీనికి దూరం కావు. పక్కనున్న శ్రీకాళహస్తి 2020 ఏప్రిల్‌లోనే జిల్లాలో కోవిడ్ తీవ్రత అధికంగా ఉన్న పట్టణంగా పేరుపడింది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, ఈ జిల్లా తెలుగుప్రాంతంలో చట్టపరమైన మద్యనిషేధాన్ని మొట్టమొదట చవిచూసిన రెండు జిల్లాలలో ఒకటి.

‘మందు’ అనే మాట

చరిత్రలోకి వెళ్లే ముందు ఒక మాట దగ్గర ఆగవలసి ఉంది. తెలుగులో ‘మందు’ అంటే ఔషధం. అదే మాట వ్యవహారంలో మద్యానికీ చెల్లుతుంది. తుపాకిలో దట్టించేదీ మందే, పైరుకు కొట్టేదీ మందే, గిట్టనివాడికి అన్నంలో కలిపిపెట్టారని పల్లెల్లో అనుమానించేదీ మందే. మేలు చేసేదాన్నీ, చంపేదాన్నీ ఒకే మాటతో పిలవడంలో భాష తడబడిందని అనుకోనక్కరలేదు. మోతాదును బట్టి, చేతిని బట్టి పదార్థ స్వభావం మారుతుందన్న అనుభవజ్ఞానం ఆ మాటలో ఇమిడి ఉంది. ఓపియానికి తెలుగువారు పెట్టుకున్న పేరు ‘నల్లమందు’. మత్తుపదార్థం అని కాక ఔషధం అనే దానిని మొదట గుర్తించారని ఆ పేరే చెబుతోంది.

‘వ్యసనం’ అనే మాటకు మరో వారసత్వం ఉంది. సంస్కృత రాజనీతి గ్రంథాలలో వ్యసనం అంటే ఆపద, పతనం. స్త్రీలోలత, జూదం, పానం, వేట, వాక్పారుష్యం, దండపారుష్యం, అర్థదూషణం అనే సప్తవ్యసనాలు ప్రధానంగా రాజుకు అంటగట్టినవి. రాజ్యం చెడకుండా ఉండడానికి రాజు విడిచిపెట్టవలసిన దోషాల పట్టిక అది. ఇందులో పానం నైతిక దోషమే కాని రోగం కాదు. ఆధునిక వైద్యశాస్త్రం మద్యం మీద శరీరం ఆధారపడే స్థితిని రోగంగా నిర్ధారించిన తరువాత కూడా తెలుగులో దానికి వాడుకలో ఉన్న మాట పాత నైతిక కోశం నుంచి తెచ్చుకున్నదే. 2020 మే 4 నాటి బారుల గురించి పత్రికలూ, టీవీ చానళ్లూ ‘మందుబాబులు’ అనే మాటను విరివిగా వాడాయి. ఆ మాటలో నవ్వు ఉంది. నలభై రోజులుగా చేతులు వణుకుతూ, నిద్ర లేక, లేనివి కనిపిస్తూ, వినిపిస్తూ గడిపిన మనిషి కూడా ఆ బారులో నిలుచుని ఉండవచ్చునన్న స్పృహకు ఆ నవ్వులో చోటు లేదు. భాష విషయంలో ఈ నిర్లక్ష్యం చిన్నది కాదు. రోగిగా పేరు పెట్టనివాడికి ఆసుపత్రిలో మంచం వేయాలని ఎవరికీ తోచదు.

1938: చిత్తూరు జిల్లా మద్యనిషేధం

చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాడు, కడప, నెల్లూరు జిల్లాల భాగాలతో ఏర్పడింది. మద్రాసు రాజధానిలో మత్తుపానీయాల వ్యవహారమంతా 1886 నాటి ఆబ్కారీ చట్టం కింద నడిచేది. సారా కాచే హక్కు, కల్లు గీసే హక్కు, దుకాణం నడిపే హక్కు అన్నీ వేలంపాటలో అమ్ముడయ్యేవి. ప్రభుత్వ ఆదాయంలో ఆబ్కారీ ప్రధానభాగం కావడంతో, తాగుడును నిరసించే జాతీయవాదులు దానిని పరపాలనకు ఆర్థిక మూలంగా కూడా చూశారు. కల్లు దుకాణాల ముందు పికెటింగు సహాయనిరాకరణోద్యమంలో అంతర్భాగం కావడానికి కారణం ఇదే.

1937లో చక్రవర్తి రాజగోపాలాచారి నాయకత్వంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడగానే మద్రాసు మద్యనిషేధ చట్టం వచ్చింది. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో అది ప్రారంభమైంది. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకూ, 1939లో ఉత్తర ఆర్కాడుకూ విస్తరించింది. తెలుగు జిల్లాలలో ముందుగా ఈ రెండింటినే ఎంచుకోవడానికి భౌగోళిక కారణం స్పష్టం. సేలానికి ఆనుకుని ఉన్న ప్రాంతాలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే సరిహద్దు దాటివచ్చే సారాను అడ్డుకోవడం సులువు. ఆబ్కారీ ఆదాయం పోయిన లోటును పూడ్చడానికి 1939లో రాజాజీ ప్రభుత్వం సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. ఒకప్పుడు రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థకు వెన్నెముకగా నిలిచిన అమ్మకపు పన్నుకు మూలాలు ఆనాడు మూసిన కల్లు దుకాణాలలో ఉన్నాయన్న సంగతి ఆర్థిక చరిత్రకారులకు తెలిసినంతగా సాహిత్య విద్యార్థులకు తెలియదు.

ఆ చట్టం అమలుతోపాటు కొన్ని సంస్కరణ కార్యక్రమాలూ జరిగాయి. గీత కార్మికులకు తీపికల్లుతో బెల్లం వండే పని చూపించడం, పొదుపు సంఘాలు, ఆటలు, భజనలు వంటివి వాటిలో ముఖ్యమైనవి. తాగేవాడి సాయంకాలాన్ని మరొక పనితో నింపితే తాగుడు మానుతాడన్నది అందులోని తర్కం. ఇది సదుద్దేశంతో కూడిన తర్కమే. అయితే అది తాగుడును అలవాటుగా భావించింది. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరం ఒక్కసారిగా మద్యం ఆగిపోతే రెండు మూడు రోజుల్లో మూర్ఛలకూ, ఉన్మాదానికీ లోనవుతుందని, అది ప్రాణాంతకం కూడా కావచ్చునని పంతొమ్మిదో శతాబ్ది వైద్యులకే తెలుసు. ఆ జ్ఞానం ఆసుపత్రి గోడల లోపలే ఉండిపోయింది. నిషేధాన్ని రెవెన్యూ, పోలీసు శాఖలు నడిపాయి.

ఏర్పేడుకు సంబంధించి ఇక్కడ ఒక పార్శ్వాన్ని ప్రస్తావించవచ్చు. 1926లో మలయాళస్వామి ఇక్కడ వ్యాసాశ్రమాన్ని స్థాపించారు. కేరళలో జన్మించి, తిరుమల కొండలలో దీర్ఘకాలం తపస్సు చేసి, ఏర్పేడులో స్థిరపడిన ఆయన కులభేదం, స్త్రీపురుష భేదం లేకుండా వేదాంత విద్యను, సంస్కృతాన్ని అందుబాటులోకి తెచ్చినవారు. ఆయన గురువు శివలింగస్వామి, నారాయణగురు శిష్యుడు. నారాయణగురు తాను పుట్టిన ఈళవ సమాజానికి కల్లుగీత వృత్తి అయినప్పటికీ మద్యాన్ని తయారుచేయడం, అమ్మడం, తాగడం మూడింటినీ మానుకోవాలని బోధించారు. ఒక వృత్తికులం లోపలి నుంచే వచ్చిన ఈ మద్యవర్జన వాదానికీ, పైనుంచి చట్టంగా వచ్చిన 1938 నాటి నిషేధానికీ స్వభావంలో చాలా తేడా ఉంది. మొదటిది బతుకుతెరువును కూడా మార్చుకోవాలని ఆ సమాజం తనకు తాను చెప్పుకున్న మాట. రెండవది దుకాణానికి తాళం.

1939 అక్టోబరులో మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. గవర్నరు పాలనలో యుద్ధకాలపు ఆదాయ అవసరాల మధ్య నిషేధం సడలిపోయింది. 1946 తరువాత తిరిగివచ్చి 1948లో రాజధాని అంతటా అమలైంది. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి అది వారసత్వంగా వచ్చింది. మద్యనిషేధాన్ని ఎత్తివేయాలన్న రామమూర్తి విచారణ సంఘం సిఫారసుల విషయంలోనే 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం శాసనసభలో ఓడిపోయింది. రాష్ట్రం ఏర్పడ్డ ఏడాదికే ఒక ప్రభుత్వం కూలిపోయేంత శక్తి ఆ సమస్యకు ఉంది. ఆంధ్రప్రాంతంలో నిషేధం 1960ల చివరిదాకా కాగితం మీద కొనసాగింది.

టింక్చరు

కాగితం మీద అనడానికి కారణముంది. మద్యం దొరకని చోట మద్యం ఉన్న ఇతర పదార్థాలు మద్యమయ్యాయి. అల్లం టింక్చరు వంటి వైద్యపు ద్రావణాలు, కొయ్య సామానుకు పూసే వార్నిషు, ఫ్రెంచి పాలిషు మద్యనిషేధ ప్రాంతాలలో తాగుడు సరుకులుగా మారాయి. ఔషధాలలో ఆల్కహాలు ద్రావకంగా ఉండడం మామూలే. జీర్ణానికి చెంచాడు తాగవలసినదాన్ని సీసాలకు సీసాలు తాగడం మొదలైంది. నిషేధం లేని రాష్ట్రాలలో తయారై నిషేధం ఉన్న రాష్ట్రాలలోకి ప్రవహిస్తున్న ఈ సరుకును అడ్డుకోవడానికి పార్లమెంటు 1955లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. సారయుక్త ఔషధాల అంతర్‌రాష్ట్ర వాణిజ్య నియంత్రణ చట్టమది. అదే ఏడాది ఔషధ, అలంకరణ ద్రవ్యాలపై ఎక్సైజు సుంకపు చట్టమూ వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1951లో, బాల్సారా కేసులో సుప్రీంకోర్టు బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని సమర్థిస్తూనే, ఆల్కహాలు కలిసిన ఔషధాలనూ అలంకరణ ద్రవ్యాలనూ దాని పరిధిలోకి లాగిన నిబంధనలు చెల్లవని తీర్పు చెప్పింది.

ఈ మూడు పరిణామాలనూ కలిపి చదివితే ఒక విషయం తేలుతుంది. మద్యానికీ మందుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది స్వతంత్ర భారతదేశపు తొలి దశకంలోనే న్యాయస్థానాన్నీ చట్టసభనూ ఇబ్బందిపెట్టిన ప్రశ్న. శానిటైజరు విషయంలో 2020లో ఎదురైనది సరిగ్గా ఈ ప్రశ్నే. అరవై అయిదేళ్ల అనుభవం ఉన్నా ఆ ఏడాది ఎవరికీ అది గుర్తుకు వచ్చినట్లు లేదు.

నల్లమందు రిజిస్టరు

నల్లమందు చరిత్ర దీనికి భిన్నం. 1878 నాటి ఓపియం చట్టం కింద లైసెన్సు దుకాణాలలో అది అమ్ముడయ్యేది. 1893లో నియమించిన రాయల్ కమిషన్ దేశమంతటా తిరిగి సాక్ష్యాలు సేకరించి, 1895లో ఇచ్చిన నివేదికలో నిషేధం అనవసరమని తేల్చింది. తెలుగు జిల్లాల వరకు గోదావరి, విశాఖ మన్యాలలో నల్లమందును చలిజ్వరానికి మందుగా తీసుకునే అలవాటు అధికం. రాయలసీమలో దాని ప్రాబల్యం అంత లేదు. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం వైద్యేతర నల్లమందు వాడకాన్ని పదేళ్లలో దశలవారీగా తగ్గించాలని నిర్ణయించి, 1959 నాటికి ముగించింది. అప్పటికే అలవాటు పడినవారిని మాత్రం నమోదు చేసి, వైద్యుల సిఫారసుపై వారికి నియమిత మోతాదు ఇచ్చే ఏర్పాటు చేసింది.

ఈ రిజిస్టరుకు తగిన ప్రాధాన్యం దక్కలేదు. వ్యసనపరుడిని ఒక్కసారిగా గాలికి వదలకుండా, నాణ్యత తెలిసిన పదార్థాన్ని లెక్కప్రకారం ఇస్తూ క్రమంగా తగ్గించడం అన్న ఆలోచన అందులో ఉంది. ఈనాడు ప్రత్యామ్నాయ చికిత్స అని పిలిచేదానికి ఇది ముతక రూపం. అంటే భారత రాజ్యానికి ఈ మార్గం తెలియనిది కాదు. నల్లమందు విషయంలో పాటించిన దశలవారీ పద్ధతిని మద్యం విషయంలో పాటించలేదు. నల్లమందు తినేవాడు గుట్టుగా తిని మూలన కూర్చుంటాడు. తాగినవాడు వీధిలో అరుస్తాడు, ఇంట్లో కొడతాడు. మొదటివాడు వైద్యుడికీ, రెండవవాడు పోలీసుకూ దక్కడంలో ఈ తేడా పాత్ర కొంత ఉండవచ్చు.

ఇక్కడ సారా వ్యతిరేకోద్యమాన్ని తక్కువ చేయడానికి వీలు లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుంచి పుట్టి 1992 నాటికి రాష్ట్రమంతా పాకిన ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ద్వారా సంపూర్ణ మద్యం నిషేధమయ్యాయి. భర్తల తాగుడు భారాన్ని మోసిన స్త్రీలు అడిగింది దుకాణం మూయమని. అది న్యాయమైన కోరిక. అయితే ఆ కోరికను చట్టంగా మార్చిన ప్రభుత్వం దుకాణం మూయడంతోనే తన పని అయిపోయిందనుకుంది. 1997లో నిషేధాన్ని ఎత్తివేసినప్పుడు జరిగిన చర్చ కూడా ఖజానా చుట్టూనే తిరిగింది.

2020: ఒకే వేసవిలో మూడు రాష్ట్రాలు

లాక్‌డౌన్ మొదటి వారంలోనే మద్యం మానివేత లక్షణాలు ఆసుపత్రులకు చేరాయి. కేరళలో వరుస ఆత్మహత్యల నేపథ్యంలో ప్రభుత్వం మార్చి 30న ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ వైద్యుడు మానివేత లక్షణాలున్నట్లు ధ్రువీకరిస్తే ఆ వ్యక్తికి పరిమితంగా మద్యం అందించవచ్చునని దాని సారాంశం. మద్యాన్ని మందుగా రాసిచ్చే పని తమది కాదని వైద్య సంఘాలు ఎదురుతిరిగాయి. ఏప్రిల్ 2న కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. వైద్యులు చెప్పింది శాస్త్రీయంగా సరైనదే. మానివేతకు డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందులున్నాయి, వాటిని ఆసుపత్రిలో ఇవ్వాలి. అయితే లాక్‌డౌన్‌లో బస్సు లేని పల్లె నుంచి ఆసుపత్రికి చేరేదెలా అన్నది ఆ వాదనకు బయట ఉండిపోయింది.

తెలంగాణలో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగుల తాకిడి పెరిగింది. వారిలో కల్లు తాగేవారు ఎక్కువ. ఇందులోని విపరీతాన్ని వివరంగా చెప్పుకోవాలి. తెలంగాణ జిల్లాలలో చాలాచోట్ల అమ్మే కల్లులో చెట్టు కల్లు కొద్దిగానే ఉంటుంది. మత్తు కోసం అల్ప్రాజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అంటే మద్యం మానివేతకు వైద్యుడు రాసిచ్చే కోవకు చెందిన మందునే కల్లు దుకాణంలో కొలత లేకుండా తాగిస్తున్నారు. ఆ శరీరం ఆధారపడింది కల్లు మీద కాదు, మాత్రల మీద. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్ తదితర జిల్లాలలో పెద్దసంఖ్యలో జనం వింతగా ప్రవర్తించడం, కొందరు మరణించడం జరిగింది. 2020 నాటి దృశ్యం దానికి పునరావృత్తి. కల్తీని అరికట్టిన చర్య మంచిదే, దాని వల్ల మనుషులు చావడమూ నిజమే. రెండూ ఒకేసారి నిజం కాగలవని పాలనా యంత్రాంగం ముందుగా ఊహించలేదు.

ఆంధ్రప్రదేశ్ పరిస్థితి మరో రకం. 2019 అక్టోబరు 1 నుంచి మద్యం చిల్లర విక్రయాన్ని ప్రభుత్వమే చేపట్టింది. దశలవారీ నిషేధం పేరిట దుకాణాలను 4,380 నుంచి 3,500కు తగ్గించింది. 2020 మేలో వాటిని మరింత తగ్గించి 2,934 చేసింది. మే 4న దుకాణాలు తెరుస్తూ ధరలు 25 శాతం, మరునాడు ఇంకో 50 శాతం పెంచింది. రెండు రోజుల్లో ధర మొత్తం 75 శాతం పెరిగింది. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్నది ఆర్థికశాస్త్రం చెప్పే మాటే. ఎప్పుడో ఒకప్పుడు తాగేవాడి విషయంలో అది నిజం. తాగకపోతే వణికిపోయేవాడు మాత్రం ఆపడు, అంతకంటే చౌకైనదాన్ని వెతుక్కుంటాడు. చిత్తూరు వంటి సరిహద్దు జిల్లాలలో పక్క రాష్ట్రపు సీసాలకూ, బెల్లం ఊటతో కాచే నాటుసారాకూ గిరాకీ పెరగడం ఇందుకు సహజ పర్యవసానం.

కురిచేడు

2020 జూలై చివరి రోజుల్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మరణాలు మొదలయ్యాయి. కోవిడ్ కేసుల వల్ల ఊరు కట్టడి ప్రాంతమైంది, మద్యం దుకాణం మూతపడింది. యాచకులు, కూలీలు, రిక్షా తొక్కేవారు శానిటైజరును నీళ్లలోనో శీతల పానీయంలోనో కలుపుకుని తాగారు. మృతుల సంఖ్య పది దాటింది. ఆగస్టు మొదట్లో కడప జిల్లా పెండ్లిమర్రి మండలంలోనూ, ఆ తరువాత తిరుపతిలోనూ ఇదే తీరు మరణాలు వెలుగుచూశాయి. అంటే ఏర్పేడుకు పాతిక కిలోమీటర్ల దూరంలోని పుణ్యక్షేత్రం కూడా ఈ పటంలో ఉంది.

శానిటైజరు ఆ రోజులలో ఎంత సులభంగా దొరికేదో గమనించాలి. 2020 మార్చిలో కేంద్రం దానిని నిత్యావసర వస్తువుగా ప్రకటించి, 200 మిల్లీలీటర్ల సీసా ధర 100 రూపాయలకు మించరాదని నిర్ణయించింది. చట్టం దృష్టిలో అది ఔషధం. దానిని అమ్మడానికి ఔషధ లైసెన్సు కావలసి ఉండేది. జూలై 27న కేంద్ర ఆరోగ్యశాఖ ఆ లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చింది. కిరాణా కొట్లలో కూడా శానిటైజరు దొరకాలన్నది ఉద్దేశం. అంటురోగ నివారణకు అది అవసరమైన నిర్ణయమే. మినహాయింపుకూ కురిచేడు మరణాలకూ మధ్య నేరుగా కార్యకారణ సంబంధం అంటగట్టలేము. అక్కడి సీసాలు అంతకుముందే ఊరికి చేరి ఉండాలి. అయినా రెండు వాస్తవాలు ఒకే వారంలో పక్కపక్కన నిలిచాయి. మద్యం మీద 75 శాతం పెరిగిన ధర ఒకవైపు, ఆల్కహాలు ఉన్న మరో ద్రవం మీద లైసెన్సు మినహాయింపు ఇంకొకవైపు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన శానిటైజరు మిశ్రమంలో ఇథనాలు 80 శాతం, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాలు 75 శాతం ఉండాలి. పోలీసు దర్యాప్తు హైదరాబాద్ జీడిమెట్లలోని అనధికార తయారీ వరకు వెళ్లింది. మిథనాలుకు రుచిలో, వాసనలో పెద్ద తేడా తెలియదు. కాలేయం దానిని ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చూపు నరం దెబ్బతిని కళ్లు పోతాయి, రక్తంలో ఆమ్లత పెరిగి ప్రాణం పోతుంది. దీనికి విరుగుడు ఫొమిపిజోల్. అది లేనిచోట ఆసుపత్రిలో కొలిచి ఇచ్చే ఇథనాలే విరుగుడు. ఎందుకంటే కాలేయంలోని ఒకే ఎంజైము రెండింటినీ విడగొట్టాలి, అది ఇథనాలునే ముందుగా ఎంచుకుంటుంది, మిథనాలు విషంగా మారేలోగా మూత్రపిండాలు దానిని బయటికి పంపగలుగుతాయి. ‘మందు’ అన్న మాటలోని రెండు అర్థాలూ ఇక్కడ ఒక్కటవుతాయి. మంచి మద్యం దొరకక తాగిన విషానికి మంచి మద్యమే మందు.

సెప్టెంబరు మొదట్లో రాష్ట్రప్రభుత్వం తక్కువ రకం మద్యం ధరలను తగ్గించింది. జనం శానిటైజరు వంటివి తాగుతున్నారన్న స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో నివేదికను అందుకు కారణంగా చూపింది. ధర పెంపు ప్రాణాంతకమయిందని ప్రభుత్వ యంత్రాంగమే పరోక్షంగా అంగీకరించిన అరుదైన సందర్భమిది. అయితే సవరణ కూడా మళ్లీ ధరలోనే జరిగింది.

ఇంటికి పంపిన మందు

ఈ కాలంలోనే అమెరికాలో భిన్నమైన భయం రాజ్యమేలింది. హెరాయిన్ వంటి ఓపియాయిడ్లకు బానిసలైనవారికి అక్కడ మెథడోన్ ఇస్తారు. 1970ల నుంచి ఉన్న నిబంధనల ప్రకారం రోగి దాదాపు రోజూ క్లినిక్కుకు వెళ్లి, సిబ్బంది చూస్తుండగా మోతాదు తాగవలసి ఉండేది. మెథడోన్ మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది కనుక ఈ జాగ్రత్త. మహమ్మారిలో రోజూ బారులు కట్టడం ప్రమాదకరమని 2020 మార్చి 16న ఫెడరల్ యంత్రాంగం సడలింపు ఇచ్చింది. స్థిరంగా ఉన్న రోగులకు 28 రోజుల మోతాదు, అంత స్థిరత లేనివారికి 14 రోజుల మోతాదు ఒకేసారి ఇంటికి ఇవ్వవచ్చు. ఇళ్లలో సీసాలు పేరుకుపోయి మరణాలు పెరుగుతాయని చాలామంది ఆందోళన చెందారు.

అమెరికాలో మొత్తం అధికమోతాదు మరణాలు నిజంగానే భయంకరంగా పెరిగాయి. 2019లో 70,630 ఉన్నవి 2021లో లక్ష దాటాయి. వాటికి ప్రధాన కారణం అక్రమ ఫెంటనిల్. మెథడోన్ పాలు మాత్రం 2019లో 4.5 శాతం కాగా 2021లో 3.2 శాతానికి తగ్గిందని 2022లో వెలువడిన అధ్యయనం చూపింది. 2020 మార్చిలో మెథడోన్ సంబంధిత మరణాలు ఒక్కసారి పెరిగిన మాట నిజమే, ఆ పెరుగుదల మాత్రం కొనసాగలేదు. ఇంగ్లండ్ అనుభవం ఇంత నిశ్చింతగా లేదు. అక్కడ తొలి లాక్‌డౌన్ నెలల్లో మెథడోన్ సంబంధిత మరణాలు అంతకుముందు ఏడాది కంటే పెరిగాయి. కనుక ఇంటికి మందు ఇవ్వడం పూర్తిగా నిరపాయకరమని ఎవరూ చెప్పలేరు. అది సంఖ్యలతో తూచవలసిన ప్రశ్న. ఆ తూకం వేయడానికి అవసరమైన రోగుల జాబితా, మరణ కారణాల నమోదు ఆ దేశాలలో ఉన్నాయి.

భారతదేశంలోనూ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలోని కేంద్రాలలో బుప్రెనార్ఫిన్ మాత్రను రోజూ సిబ్బంది ఎదుట నాలుక కింద పెట్టుకునే పద్ధతి ఉండేది. లాక్‌డౌన్‌లో కొన్ని రోజుల మాత్రలు ఇంటికి ఇచ్చేందుకు అనుమతించారు. ఈ పథకం ఈశాన్య రాష్ట్రాలు, పంజాబ్, ఢిల్లీ వంటి చోట్ల ఇంజెక్షన్ల ద్వారా మత్తుమందు తీసుకునేవారి కోసం ఎక్కువగా నడుస్తోంది. దక్షిణ రాయలసీమలో సమస్య మద్యం. మద్యానికి అటువంటి రోజువారీ కేంద్రమే లేదు కాబట్టి ఇంటికి ఇవ్వాలా వద్దా అన్న చర్చకే తావు లేకపోయింది.

2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ప్రచురించిన జాతీయ సర్వే ఆంధ్రప్రదేశ్‌ను మద్యం వల్ల కలిగే రుగ్మతలు పది శాతానికి మించి ఉన్న రాష్ట్రాలలో చేర్చింది. అంటే మహమ్మారికి ఏడాది ముందే ప్రభుత్వం చేతిలో ఈ లెక్క ఉంది. దేశంలో మద్యంపై ఆధారపడిన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోందని అదే సర్వే పేర్కొంది. ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్స 180 మందిలో ఒకరికి. కురిచేడులో, పెండ్లిమర్రిలో, తిరుపతిలో మరణించినవారు మిగిలిన 179 మందిలోని వారే అయి ఉంటారన్న ఊహ తప్పు కాబోదు.

అమెరికా తన అత్యవసర సడలింపును 2024లో శాశ్వత నిబంధనగా మార్చింది. ఏప్రిల్ 2 నుంచి అది అమలులోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 16న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం విధానం మొదలైంది. 3,396 ప్రైవేటు దుకాణాలు తెరుచుకున్నాయి. క్వార్టరు సీసా 99 రూపాయలకే అన్నది దానిలో అందరి నోటా నానిన అంశం. 2020 మార్చిలో 200 మిల్లీలీటర్ల శానిటైజరుకు నిర్ణయించిన గరిష్ఠ ధర కంటే అది ఒక రూపాయి తక్కువ.